తలుపు స్విచ్చి

గాజువాక ఆసుపత్రి వరండాలో, సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్‌లో రెండు వేళ్లు పోగొట్టుకున్న ఆపరేటరు పక్కన అతని సూపర్‌వైజరు కాగితం పట్టుకుని కూర్చున్నాడు.

“సంతకం ఎట్టీ బావా. మిషన్ తలుపు స్విచ్చికి తీగ నువ్వే కట్టేవని రాసేం.”

“కట్టింది నువ్వు. తలుపు తీసినా మిషన్ ఆగకూడదు, తిరగతాంటేనే ఇనప రజను ఊడ్చాలన్నావు.”

“పని లేటవుతాందని ఓనరు కట్టమన్నాడు. నానేటి సేత్తాను?”

“ఆ ముక్కే రాయి.”

“రాత్తే నా ఉద్యోగం ఊడుద్ది. నీకెలాగూ పోయింది కదా.”

“వేళ్లా, ఉద్యోగమా?”

“ఎకసెక్కాలొద్దు బావా.”

“ఇప్పుడా మిషన్ మీద ఎవుడున్నాడు?”

“మా తమ్ముణ్ణెట్టేను.”

“తీగ అలాగే ఉందేటి?”

“లేదు. ఆడొచ్చిన రోజే పీకేసేను.”

“ఓనరేటన్నాడు?”

“ఏటీ అన్లేదు.”