మోగని తూటా

"అత్తా, నువ్వు సూదులు పెట్టుకున్నేది తూటా గదా? వంటింట్లోకి తూటా ఎట్ల వచ్చె?"

తూటానే మే. ఉత్త గొట్టం. భయపడాకు, దాంట్లో మందూ లేదు, గుండూ లేదు. ఇట్ల తే. నిదానం, సూదులు కింద పోస్తావు... ఆఁ. ఈ మూతికాడ గోరు పెట్టి గీకి చూడు. తగిలిందా? సన్నగా, వెంట్రుకంత చీలిక ఉంటాది. ఆ చీలిక ఉండబట్టే అది నాకు దక్కింది.

కూర్చో. ఆ కుక్కరు కూతకు ఇంగా టైముంది. నువ్వొచ్చి వారమాయె, ఈ ఇంట్లో ఉండే పనంతా చూపిచ్చినా. గావా, అదే ఈళ్ళ కాఫీ, ఎట్ల కాయల్లో, ఎవురికి ఎంత పోయల్లో, మజ్లిస్‌లో, అదే వచ్చినోళ్ళు కూర్చునే హాల్లో, దిండ్లు ఎట్ల సర్దల్లో, అన్నీ. ఇదొక్కటి చెప్పలా. రేపు ఈ పాటికి నేను విమానంలో ఉంటా, మళ్ళ నువ్వు ఎవుర్నడగాలన్నా అడగలేవు. నిజం చెప్పాలంటే మే, ఈ ఇంట్లో నీ పనిలో ఇదే పెద్ద పని.

ఇప్పుడు ఈ ఇంటి యజమాని బాబా అంటే నీకు కనపడేది కట్టె పట్టుకుని నడిచే ముసిలాయన. నేనీ అరబ్బు దేశానికి, ఈ బనియాస్‌కు వచ్చిన కొత్తల్లో చూసింటే! మామా ఉన్నింది గదా, ఆయన భార్య, మంచి తల్లి, అల్లా ఆయమ్మకు జన్నత్ ఇయ్యాల, ఆయమ్మ అనేది, ఈయన ఇంట్లో నాలుగు దినాలుంటే జ్వరమొస్తాది అని. కొండలు తిరగల్ల ఆయనకు. ఈ దేశంలో వేట బంద్ చేసినారు లే. అందుకని యాడాదికోసారి కాగితాలన్నీ చేయించుకుని, యాడో చలిదేశం, పేరు నా నోటికి తిరగదు, ఆడికి కొండమేకల కోసరం పొయ్యేటోడు. తుపాకికి లైసెన్సు, మందుకు లైసెన్సు, అన్నీ పోలీసోళ్ళకు తెలిసే. దొంగతనం ఏం లేదు.

పోయే ముందర నెలంతా ఆయన ఆ వెనక గదిలోనే. ఇప్పుడు మనం ఇస్త్రీ బట్టలు పెడ్తాండామే, ఆ గదే. తన తూటాలు తానే చేసుకునేటోడు. ఒక బల్ల, కంసలోళ్ళ కాడ ఉంటాది చూడు, అట్లాంటి చిన్న తక్కెడ, గొట్టంలో గుండు కూర్చే మర ఒకటి. మందు కొలిచేటప్పుడు తలుపేసుకుంటాడు. ఫోన్ బయట. మాట బయట. ఆ టైంలో నేనైతే గడప కూడా దాటగూడదు, లైసెన్సు ఆయన పేరు మీద, నా పేరు మీద గాదు. మందు డబ్బాను నేను ఇంతవరకు ముట్టలా మే. నా పనంతా ఖాళీ గొట్టాల వరకే, అదీ తర్వాత వచ్చింది, చెప్తా ఉండు.

ఒకసారి అడిగినా. ఏం బాబా, ఇవి అంగట్లో దొరకవా, ఇంత కష్టం ఏమిటికి అని. మనది ఏం భాష, సగం హిందీ సగం అరబీ, మిగిలింది చేతులు. ఆయనేమన్నాడో తెలుసా? "మస్తానా, నువ్వు మసాలా అంగట్లో ఎందుకు కొనవు?" అనె. నిజమే గదా, ధనియాలు నేనే ఏయించి నేనే దంచుకుంటా. ఆయన తుపాకి కూడా అంతేనంట, ఒక రకం గుండు పెడితే చెప్పినట్ల పోతాది, ఇంకో రకం పెడితే మొండికేసి పక్కకు పోతాదంట. మా ఆయన సంగటి మాదిరి. వాళ్ళమ్మ చేస్తే రెండు ముద్దలు, నేను చేస్తే నీళ్ళెక్కువైనాయంటాడు. అదే పిండి మే! అదే నీళ్ళు!

యాడున్నా... ఆఁ, గుండు. ఏ జంతువు మీదికి పోతాండామో దాన్ని బట్టి గుండు ఎంచల్లంట. తేలిక గుండుతో పెద్ద మేకను కొడితే అది సావదు, గాయంతో పోయి యాడో రాళ్ళల్లో పడి నొచ్చుకుంటా ఉంటాది. అది హరామ్ అనేటోడు. మరీ పెద్దదైతే తినే మాంసం చెడిపోతాది. "ఒకటే దెబ్బ. అది కాదనిపిస్తే కొట్టగూడదు." ఈ మాట ఎన్నిసార్లు ఇన్నానో. గుర్తుపెట్టుకో, మళ్ళ వస్తాది.

ఇంగ కరోనా వచ్చె. మామా అంతకు ముందు ఏడే పోయింది. ఇల్లంతా బోసి. విమానాలు బంద్, కొండలు బంద్, బాబా ఈ గోడల మధ్యన. ఆ గొట్టాలు తోమే మిషన్ ఒకటి ఉన్నింది, గిరగిరా తిరిగేది, అదీ చెడిపోయె. సామాను రాదు. ఖర్జూరం డబ్బాలు వరసగా పెట్టి, ఒగో డబ్బా నిండా గొట్టాలు, నల్లగా, మసి పట్టి. నేను గది ఊడ్సను పోతి. ఇత్తడి మే! ఇత్తడి అట్ల నల్లగా పడి ఉంటే నా చేతులు ఊరుకుంటాయా?

మా నాయన నా పెండ్లికి ఇత్తడి కడవ కొన్నాడు. ఎంతనుకున్నావు? ఇప్పుడీడ ఒక షవర్మా కొనే దుడ్లకు. కాదు కాదు, దానికన్నా తక్కువే. ఆ కడవను మాయమ్మ పండక్కి పండక్కి చింతపండేసి తోమేది, మొహం చూసుకోవచ్చు దాంట్లో. సరే, నేనూ ఒక టబ్బులో అన్ని డబ్బాలూ బోర్లించి, చింతపండు పులుసు, ఇంత ఉప్పు, బాగా రుద్ది, కడిగి, మిద్దె మీద దుప్పటేసి ఆరబోస్తి. ఎండకు చూడల్ల! తళతళ! బాబా చూస్తే ఎంత సంబరపడతాడో అని పిలుచుకొస్తి.

ఆయన చూసె. అట్లనే మిద్దె మీద కూలబడె. "సబ్ మిక్స్ కియా, మస్తానా?" అనె. నేను నవ్వుతా "సబ్ మిక్స్ బాబా, సబ్ సాఫ్" అంటి. నాకేం తెలుసు!

ఒగో డబ్బాలో ఉన్నేది ఒగో ఈడువంట మే. ఇది ఒకసారి పేలింది, ఇది నాలుగుసార్లు పేలింది, ఇది ముసిలిది, ఇంగ పారేయల్ల. పేలిన ప్రతిసారీ ఇత్తడి అలిసిపోతాదంట, మూతి గట్టిపడి ఒకనాడు చీలుతాది. చీలినదాంట్లో మందేసి కాలిస్తే మంచిది గాదు, గుండు గురి తప్పుతాది, ఒక్కోసారి మనిషికే ప్రమాదం. అన్నీ కలిపి, అన్నిటికీ ఒకే మెరుగు పెట్టేస్తి నేను. కొత్తవి కొందామంటే దారులు మూసినారు. నాకు ఏడుపొచ్చె. ఆయన తిట్టలా. తిట్టింటే బాగుండు అనిపిచ్చె.

అప్పుడు లోపలికి పోయి ఒక గొట్టం తెచ్చె, చీలిందని ముందే తెలిసినది. నాలుగు మంచివాటితో కలిపి పిడికిట్లో పట్టి గలగలా ఊపె. "ఇను" అనె. ఇన్నా. మంచివన్నీ టింగు టింగుమని మోగితే దాంట్లో ఒకటి మాత్రం పచ్చి కట్టె మాదిరి టక్కుమనింది. అది తీసేసి ఊపె. అన్నీ మోగినాయి. మనం సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడమా, అదే యవ్వారం. నాకు అర్థమాయె.

ఆ దినం నుంచి సాయంత్రం అస్ర్ నమాజయినంక మాకిదే పని. ఆయన గుప్పెడు తీసి ఊపుతాడు, నేను ఇంటా. టక్కుమంటే ఒకటొకటి తీసి చూసి చెడ్డది పక్కన పెడతాం. కొన్ని దినాలకు నాకొకటి అనుమానం వచ్చె. ఈయన ఊపేటప్పుడు తన చెయ్యి చూసుకోడు, చెవి పెట్టడు. నా మొహం చూస్తాడు. నా మొహం మాడితే ఆగుతాడు, బాగుంటే "జైన్" అంటాడు, అంటే మంచివే అని. అజాన్ అయినా నేను పోయి చెప్తేనే లేచేది గూడా అప్పుడే ఎరికపట్టినా. ముసిలాయన చెవులు పోయినాయి మే. జీవితమంతా చెంప పక్కన తుపాకి పేలితే ఏం మిగులుతాది? నేను అడగలా, ఆయన చెప్పలా. కొడుక్కు తెలిస్తే వేటకు పంపడని భయం ఆయనకు. మామా పోయినంక ఆయనకు ఉన్నిందే ఆ కొండలు. నాకు బో జాలేసింది.

మళ్ళ ఏడు దారులు తెరిసినారు. బాబా కాగితాలు కట్టించుకునె. సయీద్ వచ్చె, పెద్ద కొడుకు, నువ్వు చూసినావే మొన్న శుక్రవారం, ఆయన. మంచోడే, తండ్రంటే పాణం. అందుకే భయం. మజ్లిస్‌లో కూర్చుని, "నాన్నా, ఫోన్‌లో నేనొకటి అడిగితే నువ్వొకటి చెప్తాండావు. ఇనపడకుండా ఆ కొండల్లో ఎట్ల తిరుగుతావు?" అనె. బాబా, నాకు బాగా ఇనపడతాది అనె. "అట్లైతే నా చిన్నప్పుడు నాకు నేర్పిచ్చినావు గదా, గొట్టాలు ఇని ఏరేది. ఇప్పుడు నా ముందర ఏరు. ఏరితే పో. లేకుంటే వేట ఖలాస్." అని తానే గుప్పెడు గొట్టాలు తీసి బాబా చేతిలో పెట్టె. దాంట్లో ఒక చీలినది కలిపినాడని నాకు తెలిసిపాయె, వెనకనుంచి చూస్తాండా గదా గావా పట్టుకుని.

బాబా ఊపె. టక్కుమనె. నాకు స్పష్టంగా ఇనపడె. ఆయన తలెత్తి నా మొహం చూసె.

నా మొహానికి మాస్కు.

సయీద్ వచ్చినాడని ఏసుకున్నా, కండ్ల కింద నుంచి గడ్డం వరకు. ఏం కనపడతాది ఆయనకు? కండ్లు పెద్దవి చేస్తి, అర్థం కాలా. మళ్ళ ఊపె, మళ్ళ చూసె. ఆ చూపు నేను మర్చిపోలేను మే, దారి తప్పిన పిల్లోడి చూపు. నోరు తెరిసి "జైన్" అనబోతాండాడు. ఇంగ నాకేం తోచలా. మాస్కు కిందికి లాగి, మొహం అంతా ముడిచి, హాఛ్! అని తుమ్మితి.

కరోనా దినాలు మే అవి! మాస్కు తీసి తుమ్మడమా! సయీద్ ఎగిరి ఆ మూలకు పడె, "మాస్క్! మాస్క్!" అని కేకలు. ఉత్త తుమ్మే, జలుబూ లేదు ఏమీ లేదు. ఆ గలాటలో బాబా నా మొహం చూసేసె. "దీంట్లో ఒక చెడ్డది ఉంది" అనె నిదానంగా. గొట్టాలను సగం సగం చేసి ఊపె, ప్రతిసారీ నన్ను చూసె, నేను ముక్కు తుడుసుకుంటా మాస్కు ఏసుకోకుండా నిలబడితి. చివరికి ఒకటి తీసి గోరు పెట్టి చూసి కొడుకు చేతిలో పెట్టె. సయీద్ తండ్రి చెయ్యి ముద్దు పెట్టుకుని పాయె.

అబద్ధం ఆడినానా? లేదు గదా. తుమ్మినా, అంతే.

బాబా పాయె. ఆయన తిరిగొచ్చేవరకు నాకు తిండి పోలా. ఒకపక్క సంతోషం, ఒకపక్క ఆ కొండల్లో ఏమన్నా అయితే నా వల్లే గదా అని. వచ్చె. డబ్బా తెచ్చి సయీద్ ముందర, నా ముందర తెరిసె. చేసుకున్న తూటాలు చేసుకున్నట్లే ఉన్నాయి. ఒకటీ కాల్చలా. పెద్ద మేక వచ్చిందంట, ఆ కొమ్ములు ఇంత. తోడుపోయిన మనిషి మెల్లగా పిలిసినాడంట, రెండుసార్లు, మూడుసార్లు. ఈయనకు ఇనపడలా. చూసేటప్పటికి అది పరిగెత్తుతాంది. "కొట్టలేదు. ఒకటే దెబ్బ పడుతుందని నాకు నమ్మకం లేదు" అనె. కూర్చుని, అది కొండెక్కి పోయేదాక చూసినాడంట. "బాగుండింది" అనె. "ఇంగ చాలు. తుపాకి నీ పేరు మీద మార్చుకో సయీద్. ఆ దినం ఇనింది నా చెవులు కాదు, ఈమె చెవులు."

వీసా పాయె అనుకున్నా. సయీద్ నన్ను చూసి నవ్వె. "తుమ్మినప్పుడే తెలుసు" అనె. తెలిసీ పంపినాడు మే! తండ్రిని ఆపడం ఇష్టం లేక. ఒకరు ఆపితే ఆగేది వేరు, తనంతట తాను చాలనుకునేది వేరు. సయీద్ ఆ చీలిన గొట్టం జేబులోనే పెట్టుకుని ఉన్నాడు, తీసి నాకిచ్చె. ఇది అదే.

దీన్ని మన ఊరికి తీసకపోలేను. ఎయిర్‌పోర్ట్‌లో తూటా అని పట్టుకుంటే ఎవురికి చెప్పుకునేది, దీంట్లో సూదులు పెట్టుకుంటా సార్ అని? నీకే ఇస్తాండా. సూదులు గూడా ఉంచుకో, పో.

ఇప్పుడు పని చెప్తా ఇను. చెవి మిషన్ కొనిచ్చినారు, గరగరమంటాదని డబ్బాలోనే పెట్టినాడు. తుపాకి లేదు, మందు లేదు, ఖాళీ గొట్టాలు మాత్రం మజ్లిస్‌లో గిన్నెలో ఉన్నాయి. దినమూ అస్ర్ అయినంక ఒక గుప్పెడు తీసి ఊపుతాడు. నువ్వు పోయి ఎదురుగా నిలబడల్ల. నీ మొహం చూస్తాడు. అన్నీ మంచివే, చెడ్డది లేదు దాంట్లో. అయినా ఇను. ఇన్నట్ల నటించాకు, కనుక్కుంటాడు. నిజంగా ఇని, మోగితే నవ్వు. అంతే పని.

నువ్వు మంచి పిల్లవు. నా తల్లి మాదిరి ఉండావు. చల్లగుండు, నీ చెవులు చల్లగుండ, ఈ ఇంట్లో నీకు ఎవురూ ఒక మాట అనకుండా... ఏందీ, ఏడుస్తానా నేను? ఉల్లిగడ్డలు లే.

అదో. గలగలమంటాంది, ఇన్నావా? పో, నువ్వు పో ఈ దినం. నేను రాను. ఈడనే కూర్చుని ఇంటా.