ఈస్టు పోసినప్పటి కేక

“నేను పెద్దగా చేసిందేమీ లేదు. ఈస్టు పొయ్యగానే ఒక్క కేక వేశాను. అంతే,” అన్నాడు సివర్ట్.

గిన్నె బల్ల మీద పెట్టి, మీసానికంటిన నురగ తుడుచుకున్నాడు. సివర్ట్ “అంతే” అన్నాడంటే కథ అప్పుడే మొదలవుతుందని వోస్ లోయలో అందరికీ తెలుసు. బల్లల మీద ఉన్నవాళ్లు కాస్త సర్దుకుని కూర్చున్నారు.

అది గున్‌వోర్ ఇంటి వెనక బీరు కాచే కొట్టం. తొట్టిలో పులిసిన బీరును పీపాల్లోకి ఎత్తే రోజున ఇరుగుపొరుగును పిలిచి రుచి చూపించడం అక్కడి రివాజు. కాచినవాళ్లకు అదే పరీక్ష కూడా. ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు ఈ పరీక్షకు నిలబడేది ఆమె భర్త హాల్దోర్. ఆయన వసంతంలో పోయాడు. అన్నాళ్లూ గున్‌వోర్ పీపాలు కడిగింది, కట్టెలు ఎగదోసింది. బీరును పులియబెట్టే ఈస్టును తొట్టిలో పొయ్యడం, పోస్తూ కేక వెయ్యడం మాత్రం ఆయన పనే. కేక ఎంత గట్టిగా వేస్తే బీరు అంత గట్టిగా వస్తుందని వాళ్ల నమ్మకం.

ఈసారి ఆమె తానే కాచింది, సివర్ట్ సాయానికి వచ్చాడు. బీరు కాచే రాగి కాగు ఇక ఖాళీగానే ఉంటుంది కదా, పెరట్లో పూలమొక్కలు పెట్టుకుంటాను, ఇచ్చెయ్ అని బెర్గెన్‌లో ఉన్న మేనల్లుడు అడుగుతున్నాడు. బీరు కుదరకపోతే పట్టుకుపొమ్మంటానని ఆమె ఎవరికీ చెప్పకుండా తనలో తాను అనుకుంది.

మొదటి గిన్నె అందరి చేతులూ తిరిగింది. ఒక్కరూ మాట్లాడలేదు. బీరు చెడిందనే అనుకుంది గున్‌వోర్. అందరి చూపూ పొయ్యి పక్కన హాల్దోర్ కూర్చునే చోట ఉందని ఆమె గమనించలేదు. సరిగ్గా అప్పుడే సివర్ట్ నోరు విప్పాడు.

“చిన్న కేకే. కానీ కేక అన్నాక దాని పరువు దానికుంటుంది కదా, నాలుగు గోడల మధ్య ఇమడలేదు. ముందు కప్పు మీది మంచు మొత్తం జారి దభేలున కిందపడింది, ఆ చప్పుడుకి దూలం మీద పడుకున్న పిల్లి నా నెత్తిన దూకింది, అయినా నేను కదల్లేదు, ఎందుకంటే కేక ఇంకా పూర్తి కాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“పిల్లి నీ చెంప గీరి ఉంటుంది,” అంది బోర్గిల్ద్. ఆమె సివర్ట్ భార్య. ఎప్పుడూ అతని ఎదురుగా కూర్చుంటుంది, పక్కన కూర్చోదు.

“కేక వెళ్లి సరస్సు అవతలి కొండకు తగిలింది. మామూలు కేకయితే వెంటనే తిరిగొస్తుంది. ఇది రాలేదు. నేను జావ తాగాను, కట్టెలు సర్దాను, ఒక కునుకు తీశాను, రాలేదు. మర్నాడు పొద్దున తలుపు తీస్తే గడప ముందు నిలబడి ఉంది. రాత్రంతా కొండల్లో తిరిగి జలుబు చేసింది, గొంతు బొంగురుపోయింది. అయ్యో పాపమని లోపలికి రానిచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను.”

“ప్రతిధ్వనినా?” అన్నాడు ఆర్న్‌ఫిన్. సరస్సు అవతలి ఒడ్డున ఉండే ముసలాయన. నాలుగు మాటలతో రోజు గడిపేస్తాడని ఆయనకు పేరు.

“మరి గొంతు పోయినదాన్ని మంచులో నిలబెట్టమంటారా, పెద్దాయనా?”

ఎవరో నవ్వారు. జగ్గు పట్టుకుని నిలబడ్డ గున్‌వోర్‌కి కాస్త ఊపిరి ఆడింది. గిన్నెలు మళ్లీ నోటిదాకా వెళ్తున్నాయి. సివర్ట్ అది ఓరకంట చూసి గొంతు పెంచాడు.

“ఈలోగా అటు రైలు ఆగిపోయింది. ఎదురుగా ఇంకో రైలు కూత పెట్టిందనుకున్నాడు డ్రైవరు. ఓస్లో పోవాల్సిన బండిని వెనక్కి బెర్గెన్ తీసుకుపోయాడు. అందులో ఒక పెళ్లికొడుకు ఉన్నాడు, పెళ్లి తప్పిపోయింది, ఆ పుణ్యం నాదేనని ఆ అబ్బాయి ఏటా నాకు ఎండబెట్టిన గొర్రె తొడ పంపిస్తున్నాడు.”

“ఈస్టు పోసింది మొన్న శనివారం కదా, ఏటా ఏమిటి?” అన్నారొకరు.

“ముందుగానే పంపించేస్తున్నాడు. విశ్వాసం ఉన్నవాడు.”

“ఆ తొడ మన ఇంటికి ఎప్పుడొచ్చిందో!” అంది బోర్గిల్ద్.

“నువ్వు పుట్టింటికి వెళ్లినప్పుడు. సరే, ఇక్కడ తొట్టిలో ఈస్టు సంగతి వినండి. కేకకి హడలిపోయింది పాపం. మామూలుగా రెండు రోజులు తీసుకునే పని నేను బూట్లు విప్పేలోగా చేసేసింది. నురగ లేచి మూతని ఎత్తింది, మూత మీద పిల్లి, పిల్లి వీపు దూలానికి ఆనింది. ఆ నురగ తలుపు తోసుకుని వాలులోకి దిగింది, గొర్రెల దొడ్డి నింపేసింది. ఏది గొర్రో ఏది నురగో తెలిస్తే కదా! కత్తెర పట్టుకుని ఉన్ని కత్తిరిస్తూ పోయాను. తీరా ఇంటికెళ్లి చూసుకుంటే సంచిలో సగం ఉన్ని, సగం బీరు.”

“ఆ సంచి నాకు చూపించలేదేం?”

“తాగేశాను కదే!”

కొట్టం గొల్లుమంది. సివర్ట్ ఆగలేదు.

“అది కాదు అసలు కష్టం. పీపాకెత్తి బిరడా కొట్టానో లేదో...”

“పీపాలకెత్తేది ఇవాళ కదయ్యా!” అన్నారు ఇంకొకరు.

“చిన్న పీపా ఒకటి ముందే నింపి చూశాను. ఇంత గట్టి బీరుని పరీక్ష చెయ్యకుండా మనుషులకు పోస్తామా? బిరడా కొట్టగానే పీపా నేల విడిచింది. గుమ్మంలోంచి బయటపడి పైకి లేచింది. తాడు పట్టుకు వేలాడాను. వదిలేస్తే స్వీడన్‌లో దిగుతుంది, వాళ్లు తాగేసి మేమే కాచామంటారు, మన లోయ పరువు పోతుంది. సరస్సు మీదుగా ఎగిరాం, నేనూ పీపా. కింద చూస్తే ఈ పెద్దాయన లోపలి లాగుతో, చేతిలో చెంచాతో అరుగు మీద నిలబడి ఉన్నారు. మర్యాదకి టోపీ తీశాను. ఈయన చూడలేదు.”

అందరూ నవ్వారు, ఆర్న్‌ఫిన్ తప్ప. ఆయన గిన్నెలోకి చూస్తూ అన్నాడు.

“లోపలి లాగు కాదు, పంట్లామే. చెంచా కాదు, ఫోర్కు. అరుగు మీద నిలబడ్డ మాట నిజం.”

బల్లల మీదివాళ్లు ఆయన వైపు తిరిగారు.

“శనివారం భోజనం దగ్గరున్నాను. నీళ్ల మీదుగా కేక వినబడింది. ఆ ఇంట్లోంచి ఇక కేక వినననుకున్నాను. అందుకే లేచి బయటికొచ్చాను. హాల్దోర్ కూడా ఏనాడూ అంత కేక వెయ్యలేదు. మిగతావి నీ కోతలు సివర్ట్. కేక మాత్రం నిజం.”

ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు అనడం ఎవరూ ఎరగరు. బల్ల చివర నుంచి ఒకరు గిన్నె ఎత్తారు. “అయితే ఇది సివర్ట్ బీరన్నమాట!” మిగతా గిన్నెలూ సివర్ట్ వైపు లేచాయి.

సివర్ట్ ఎత్తబోయిన గిన్నె దించాడు. అతని మాట నమ్మినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. నమ్మితే ఏం చెయ్యాలో అతనికి తెలిసినట్టు లేదు. గున్‌వోర్ వైపు చూశాడు.

ఆమె ఊరుకుంటే సరిపోయేది. బీరు బాగుందని తేలిపోయింది. సివర్ట్ మీద ఆమెకు కోపమూ లేదు, చేసిన సాయానికి ఆ పేరు అతనికిచ్చినా తక్కువే. కానీ బీరు సివర్ట్‌దైతే వచ్చే ఏడు ఈ కొట్టంలో కాగుతో పనేముంది?

“సివర్ట్,” అందామె, “ఆ రోజు నీకు గొంతు లేదు.”

జగ్గు బల్ల మీద పెట్టింది.

“జలుబుకి మందుగా మెడకి ఉన్ని మేజోడు చుట్టుకుని వచ్చావు. నేను ఈస్టు పోశాను. నువ్వు నోరు తెరిచావు. నీళ్లు లేని పంపు కొట్టినట్టు చప్పుడొచ్చింది. రెండోసారి తెరిచావు. ఆ చప్పుడూ రాలేదు. నా వంక చూశావు.”

“ఆ వారమంతా కాగితం మీద రాసి చూపించేవాడు,” అంది బోర్గిల్ద్. “మా ఇంట్లో అంత ప్రశాంతత పెళ్లయ్యాక అదే మొదలు. ఆదివారం చర్చిలో దేవుడికి విడిగా కృతజ్ఞత చెప్పుకున్నాను.”

“మరి కేక?” అన్నాడు ఆర్న్‌ఫిన్.

“నాది,” అంది గున్‌వోర్.

ఆ మాట చిన్నగానే అంది. ఆ శనివారం మాత్రం, అంత్యక్రియల నాటి నుంచి ఎవరితోనూ గొంతెత్తని మనిషి, తొట్టి అంచు రెండు చేతులా పట్టుకుని అరిచింది. మాట కాదు, పేరు కాదు, ఉత్త అరుపు. ఊపిరి అయిపోయేదాకా అరిచింది. కళ్లు తెరిచేసరికి సివర్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“గొంతు లేదన్నది నిజమే,” అన్నాడు సివర్ట్. “కానీ నాకు గొంతే ఉంటే నువ్వు అరిచేదానివా? కాబట్టి లెక్క ప్రకారం ఆ కేకలో సగం నాదే.”

“సగమేం ఖర్మ. నడుములోతు మంచులో దిగి బీరు కాచే నీళ్లలో వెయ్యడానికి జూనిపర్ కొమ్మలు కోసుకొచ్చింది నువ్వే. జ్వరంతో తెల్లవార్లూ పొయ్యి ఆరకుండా చూసింది నువ్వే. నన్ను ఇంట్లోకి పోయి పడుకోమని సైగ చేసింది నువ్వే. ఇంతసేపు చెప్పావు, అది మాత్రం చెప్పలేదేం?”

సివర్ట్ నిజంగానే తెల్లబోయాడు. “అందులో చెప్పుకోవడానికి ఏముంది?”

బోర్గిల్ద్ లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది. గున్‌వోర్ అతని గిన్నె అందుకుని అంచుదాకా నింపి రెండు చేతులతో ఇచ్చింది. “నువ్వు రాకపోతే నేను పొయ్యే వెలిగించేదాన్ని కాదు,” అంది. అతను తలవంచుకుని తాగాడు.

ఆర్న్‌ఫిన్ గొంతు సవరించుకున్నాడు.

“మా ఈస్టు ఈ వేసవిలో చచ్చిపోయింది గున్‌వోర్. ఎవరినీ అడగలేదు. తొట్టి అడుగున మిగిలిన దాంట్లోంచి కొంచెం ఇస్తావా?”

అక్కడ ఏ ఇంటి ఈస్టు ఆ ఇంటివాళ్లే ఏటికేడు దాచుకుని వాడుకుంటారు. ఆర్న్‌ఫిన్ ఇంటి ఈస్టు ఆయన తాత నాటిది. ఆ ఇంటివాళ్లు ఇంకొకరి గడపలో ఈస్టు అడిగినట్టు ఎవరూ వినలేదు.

“ఎంత కావాలంటే అంత తీసుకెళ్లండి, పెద్దాయనా.”

“ఎవరి ఈస్టని మావాళ్లు అడుగుతారు. హాల్దోర్‌దని చెప్పనా?”

గున్‌వోర్ అప్పటికే గూట్లోంచి శుభ్రమైన సీసా తీసి తొట్టి మీదకి వంగింది. చిక్కటి మీగడలాంటి ఈస్టుని గరిటెతో జాగ్రత్తగా ఎత్తి సీసాలోకి వంచుతూ, తలెత్తకుండానే జవాబు చెప్పింది.

“ఆయనున్నన్నాళ్లూ ఆయనది. ఇది నాదని చెప్పండి.”