కోసిన చీటీ, ఖాళీ బండి

కూర్చోండి వార్డెన్ బాబూ. మీ అడవి చెక్‌పోస్టే అనుకోండి, అయినా నేనే కూర్చోమంటున్నా. ఆ కుర్చీ పొయ్యి దగ్గరికి లాక్కుని వినండి. "చీటీ కోసేశారు, దుప్పి ఏదీ?" అని అలా గద్దిస్తే మా తమ్ముడు ఆర్విడ్ నోరు విప్పుతాడా? అదిగో, బండిలోంచి దిగనైనా దిగలేదు. ఏం, మాంసం చాటుగా అమ్ముకునేవాడిలా కనిపిస్తున్నాడా మీకు?

ఏడాదికి మనిషికి ఒక్క వేట చీటీ, ఒక్క ఎల్క్ దుప్పి. దుప్పి పడగానే చీటీ కోసెయ్యాలి, ఇక ఆ ఏడు వేట లేదు. మీకు తెలియనిదా! ఆర్విడ్ ఇంట్లో చలికాలమంతా ఆ మాంసమే కూర. తినే నోళ్ళు ఐదు. ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. వంద గజాల్లో అట్ట నిలబెట్టి, నడి చుక్కకి రెండంగుళాలు పైన తగిలేలా గురి దిద్దుకోవాలి. అలా దిద్దితే రెండొందల గజాల దగ్గర సరిగ్గా చుక్క మీదే పడుతుంది. "నీ తుపాకీ ఎంతకి దిద్దావురా?" అని నిద్రలేపి అడిగినా ఆర్విడ్ "రెండొందలకి" అనేవాడు.

ఈ ఏడు దుర్బిణిలాంటి డబ్బా ఒకటి కొన్నాడు. కంటికి ఆనించి మీట నొక్కితే దూరం చెప్తుందట. తూటా ఎంత జారుతుందో, తుపాకీ మీద గురి చూసే స్కోప్‌కి మర ఎన్ని గీతలు తిప్పాలో అదీ చెప్తుందట!

"అక్కా, చలినీ, కొండ వాలునీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది."

"నీ బుర్రని తీసుకుంటుందా?" అన్నా. నవ్వాడు వెధవ.

ఆ డబ్బాతో వందకి దిద్దుకోవడమే సుఖమని ఎవరో చెప్పారు. సరే, కొత్త స్కోప్‌ని వంద గజాలకే దిద్దాడు. చుక్క మీద ముచ్చటగా పడ్డాయి తూటాలు. బాగుందా? మరి "తుపాకీ ఎంత దూరానికి దిద్దారు?" అని డబ్బా అడిగితే వీడి బొటనవేలు ఏం నొక్కింది? రెండొందలు! చిన్నప్పటి అలవాటు బాబూ, వేలు ఊరుకుంటుందా? ఇక అది తిప్పాల్సిన దానికంటే తక్కువ గీతలే చెప్తుంది. పోనీ, నాలుగొందల దగ్గర ఒక్క అట్ట పెట్టి చూసుకున్నాడా? ఆఁ, డబ్బా ఉందిగా!

నిన్న పొద్దున లోయ అవతల నిలబడింది దుప్పి. నాలుగొందల పైమాటే. డబ్బా చెప్పింది, వీడు తిప్పాడు, కాల్చాడు. గుండెలో దిగాల్సిన తూటా జానెడు కిందికి పోయి కాలికి తగిలింది. ముందరికాలు వేలాడేసుకుని చెట్లలోకి వెళ్ళిపోయింది, పాపం.

ఇద్దరం వెతికాం బాబూ. నిన్నంతా వెతికాం, ఇవాళ తెల్లారగానే మళ్ళీ వెతికాం. నెత్తురు బొట్లు పట్టుకుని పోతుంటే కొత్త మంచు కురిసి, అన్నీ కప్పేసింది. ఆర్విడ్ ఒక దుంగ మీద కూలబడ్డాడు. కత్తి తీసి చీటీ కోసేశాడు.

"పిచ్చోడా! దుప్పి దొరకందే ఎందుకురా?"

"నెత్తురు చూస్తే చీటీ కోసినట్టే. నాన్న అనలేదూ?"

దిగొస్తుంటే, నమ్మండి, మలుపులో ఇంకో దుప్పి. ఎంతెంత కొమ్ములనుకున్నారు! వంద గజాలైనా లేదు, డబ్బాతో పనే లేదు. "కొట్టరా! ఎవరు చూస్తున్నారు?" అని ఆదివారం కీర్తనలు పాడే ఈ నోటితోనే అన్నాను బాబూ, దేవుడు క్షమించాలి.

వాడు తుపాకీలోంచి తూటా తీసి జేబులో వేసుకున్నాడు. "నా దుప్పిని నేను నిన్నే కొట్టేశానక్కా. ఇది ఇంకొకళ్ళది."

తర్వాత కంకర క్వారీ దగ్గర నాలుగొందలకి అట్ట పెట్టి కాల్చి చూశాడు. చుక్కకి జానెడు కింద పడింది. అప్పుడు తెలిసింది వేలు చేసిన పని. అదిగో ఆ అట్ట, బండి వెనకాలుంది, చూసుకోండి.

కేసు పుస్తకం తీస్తున్నారా? సరే, రాస్తే రాయండి. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. రేపు ఎవడైనా మెడలో డబ్బా వేసుకొచ్చి ఇక్కడ గొప్పలు పోతే, చీటీ కోశాక ఎదురొచ్చిన దుప్పిని చూసి ఒకడు తూటా తీసి జేబులో వేసుకున్నాడని చెప్పండి. పేరక్కర్లేదు. వచ్చిన ప్రతివాడికీ చెప్పండి.

ఆ కుంటిది మాత్రం ఈ మంచులో ఎక్కడో మూడు కాళ్ళ మీద నిలబడే ఉంటుంది. దానికెందుకు లెండి, మన కథలు!