నెలవంకకు ఇద్దరు సాక్షులు

కావలిలో ఇరవై తొమ్మిదో ఉపవాసం విడిచాక, మసీదు కమిటీ పెద్ద తన మిద్దెక్కి పడమటి మబ్బుల్లో నెలవంక కోసం వెతుకుతున్నాడు. నక్షత్రాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మేనకోడలు పక్కనే నిలబడి ఉంది.

“ఆ మబ్బు వెనకే ఉంది మామూ. లెక్క ప్రకారం ఇంకో అరగంట ఉంటుంది. రేపు పండగే.”

“నువ్వు చూసినావా?”

“మబ్బుంటే ఎట్లా కనిపిస్తుంది?”

“కళ్లతో చూసినోళ్లు ఇద్దరన్నా చెప్పాల. లెక్కలతో పండగ రాదు. అవునూ, నువ్వేదో కొత్త గ్రహం కనిపెట్టినావంటనే, చూసేదానికి ఎట్లుంది?”

“దాన్నెవరూ చూడలేరు మామూ, శానా దూరం. పదకొండు రోజులకోసారి దాని నక్షత్రం వెలుగు రవ్వంత తగ్గతా ఉంది. గ్రహం అడ్డమొస్తేనే అట్లా తగ్గేది.”

“అంటే చూడకుండానే ఉందని చెప్పేసినావా?”

“చెప్పినా.”

“సాక్షులు?”

“లేరు.”

“దానికి డాక్టరేటు గూడా ఇచ్చినారా! మా కమిటీలో అయితే నిన్ను గడప తొక్కనిచ్చేవాళ్లం కాదు.”

చదువుకున్న పిల్లను ఇరుకున పెట్టినందుకు ఆయనకు లోలోపల ఖుషీగా ఉంది. అంతలో ఫోను మోగింది. రెండు ముక్కలు విని ముఖం చేటంత చేసుకున్నాడు.

“కనిపించిందంట! మీ అమ్మను సేమ్యాలు వేయించమను. రేపు పండగ.”

“ఎవరు చూసినారంట?”

“మనుబోలులో ఎవరో ఇద్దరంట.”

“ఆ ఇద్దరినీ నువ్వు చూసినావా మామూ?”

ఆయన ఫోను జేబులో వేసుకుని, మబ్బు వంక ఒకసారి చూశాడు.

“ఈద్ ముబారక్ డాక్టరమ్మా. నీ గ్రహం గూడా ఉండే ఉంటుందిలే.”