మంత్రివర్గాన్ని ఏడిపించిన రెండు చుక్కలు

"వచ్చే క్రిస్మస్ లోపు ఈ బట్టీ పక్కన బావి తవ్వించకపోతే నన్ను సంఘం అధ్యక్షుడని పిలవకండి!"

పోయిన సంఘం ఎన్నికలప్పుడు దొన్ సిల్వేరియో బల్ల ఎక్కి మరీ అన్న మాట ఇది. క్రిస్మస్ వచ్చింది, పోయింది. పరాగ్వేలో జనవరి అంటే నడి ఎండాకాలం, ఆ ఎండలకి వాగు చిక్కిపోయి పలుపుతాడంత అయింది. బావి ఉండాల్సిన చోట ఇప్పుడు సిల్వేరియో కుర్చీ ఉంది. అధ్యక్షుడని పిలవడం మాత్రం ఎవరూ మానలేదు. జనం మర్యాదే నాయకుల పెట్టుబడి.

చేదు నారింజ ఆకుల మోపు బట్టీ దగ్గర దింపి, అనిసెతో అనే కుర్రాడు నీడకి వచ్చాడు. తెరెరే నడుస్తోంది. అతని మేనత్త దెయొలిందా ఆవు కొమ్ములోని తెరెరే ఆకు మీద చల్లటి నీళ్ళు పోసి, పీల్చే గొట్టంతో సహా ఒక్కొక్కరికే అందిస్తోంది. పొద్దుటి నుంచి వాగు నుంచి బిందెలు మోసింది కూడా ఆవిడే. బట్టీలో నారింజాకులు ఉడికి వచ్చే ఆవిరిని చల్లబరచడానికి నీళ్ళుంటేనే సువాసన నూనె దిగుతుంది. లేకపోతే ఊరి కష్టమంతా వాసనై గాల్లో కలిసిపోతుంది. వాగు ఎండిన రోజున బట్టీ ఆరుతుంది, బట్టీ ఆరితే ఊళ్ళో పొయ్యిలు ఆరతాయి. అనిసెతోకి నిద్రపట్టనివ్వని లెక్క అదొక్కటే.

"ఏంటి దొన్ సిల్వేరియో, పెళ్ళికొడుకులా గుమగుమలాడిపోతున్నావు?" అన్నాడు ఎవరిస్తో అనే ఎద్దుబండి ముసలాయన.

అంతే, గండి పడింది.

"అదే చెప్తున్నా వినండి. మన బావి అర్జీ పట్టుకుని మొన్న రాజధానికి వెళ్ళానా, పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం, కాస్త మనిషిలా ఉండాలి కదా అని, మన ఆకు నూనె ఒక చుక్క, చాకో అడవి నుంచి మా బావమరిది తెచ్చిన పాలో శాంతో కర్ర నూనె ఒక చుక్క, చెరుకు సారాలో కలిపి చెవుల వెనకాల అద్దుకున్నా. రెండే చుక్కలు! ఘాటు కాదమ్మా, తేలిక. ముందు నారింజ తొక్క గిల్లినట్టు ఉంటుంది, కాసేపయ్యాక అప్పుడే చీరిన కర్రలా చల్లగా దిగుతుంది. బస్సెక్కానో లేదో, పక్కనున్నావిడ 'అయ్యా, తమరు ఇప్పుడే స్నానం చేసి వచ్చారా?' అంది."

"ఇక్కడే నమ్మబుద్ధి కావట్లేదు," అంది దెయొలిందా.

"నవ్వు, నవ్వు. చిపా రొట్టెలమ్మే పిల్ల బుట్ట దించేసి నా పక్కన కూచుండిపోయింది, వేడి రొట్టెల వాసన నా ముందు వెలవెలబోయిందనుకో. డ్రైవరు అద్దం నా వైపు తిప్పుకుని స్టాపులన్నీ మర్చిపోయాడు. ఎవరో గంపలో తీసుకెళ్తున్న పెట్టలు గుడ్లు పెట్టేశాయి. దారిలో పోలీసు బస్సాపాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీలోంచి నా గాలి తగిలి, లంచం అడగడం మర్చిపోయాడు!"

"అమ్మో, అది మాత్రం మహత్యమే," ఎవరిస్తో శిలువ గుర్తు వేసుకున్నాడు.

"బస్సు వెనకాల తేనెటీగలు ఒక మబ్బులా వచ్చాయి. రాజధాని అసున్సియోన్‌లో దిగాను. చలికాలంలో పూసే లపాచో చెట్లు ఈ ఎండాకాలంలో పూస్తాయా? పూశాయి! నేను నడిచిన వీధి పొడుగునా గులాబీ రంగే. చౌరస్తాలో రాతి గుర్రం మీద సేనాధిపతి ఉన్నాడే, ఆయన దిగొచ్చి నా మెడ దగ్గర ఒకసారి వాసన చూసి మళ్ళీ ఎక్కి కూచున్నాడు. నది అయితే నా వెంట ఒడ్డెక్కబోతే నేనే కసిరాను, 'ఛీ, వెళ్ళు, ఓడలు మునుగుతాయి' అని."

"ఆ నదిని ఇటే తోలుకురావాల్సింది," అన్నాడు అనిసెతో.

"కుర్రాడా, అసలు సంగతి విను! మంత్రిగారి తలుపు దగ్గర కాపలావాడు నన్ను ఆపలేదు, సెల్యూట్ కొట్టాడు. లోపల మంత్రివర్గమంతా బల్ల చుట్టూ కూచుని తెరెరే తాగుతోంది. 'ఏ దేశపు రాయబారి ఈయన?' అని లేచి నిలబడ్డారు. మంత్రిగారే స్వయంగా కొమ్ము నింపి నా చేతిలో పెట్టాడు. నేను తాగి పక్కనున్న ఆర్థికమంత్రికిచ్చా. నా వేళ్ళ పరిమళం కొమ్ముకి అంటుకుంది కదా, ఆయన ఒక్క గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు, పక్కాయనకిచ్చాడు, ఆయన తాగి పక్కాయనకిచ్చాడు, అలా బల్ల చుట్టూ తిరిగొచ్చేసరికి అందరికీ కళ్ళ వెంట ధారలు! 'ఈయనకి బావేంటయ్యా, సముద్రం ఇద్దాం' అన్నారు. మన దేశానికి సముద్రం లేదు కదా, బ్రెజిల్ నుంచి తెప్పిస్తామన్నారు!"

దెయొలిందా చేతిలోని నీళ్ళ కూజా ఆగింది.

"తాగి, పక్కాయనకిచ్చావా?"

"ఇచ్చాను."

"మధ్యలో ఎవరూ నీళ్ళు పొయ్యలేదా?"

"మంత్రివర్గం అమ్మా! మధ్యలో లేవడాలుండవు."

"ఓరి నాయనో! కొమ్ములో పట్టేదే ఒక మనిషి తాగేన్ని నీళ్ళు. తాగినవాడు పోసినవాడి చేతికి తిరిగివ్వాలి, పోసినవాడు మళ్ళీ నింపి ఇంకొకడికివ్వాలి. పరాగ్వేలో పాలపళ్ళు ఊడని పిల్లకి కూడా తెలుసు. నువ్వు తాగేశాక అంతమంది మంత్రులూ ఖాళీ కొమ్ము పీల్చారా?"

"పీల్చే ఉంటారు, అందుకే ఏడ్చారు," అన్నాడు ఎవరిస్తో. "ఎండు కొమ్ము ఇస్తే నేనూ ఏడుస్తాను."

నీడంతా నవ్వుతో ఊగిపోయింది. "అది రాజధాని పద్ధతి..." అని గొణుగుతూనే సిల్వేరియో తన చేతిలోని కొమ్ముని పక్కవాడికి కాదు, తిన్నగా దెయొలిందాకి అందించాడు. అది చూసి జనం ఇంకా పగలబడ్డారు.

అనిసెతో నవ్వలేదు. కొమ్ము కథే అబద్ధమైతే మంత్రి దగ్గర కూచున్నదీ అబద్ధమే, మరి అర్జీ ఎవరికిచ్చినట్టు?

"అర్జీ ఇచ్చావా, దొన్ సిల్వేరియో?"

"పెద్ద విషయాలు నీకర్థం కావు అబ్బాయ్. సువాసన పని చేస్తుంది, నిదానంగా."

"నీళ్ళు భిక్ష కాదు, హక్కు! అధికారం మత్తులో..." అనిసెతో గొంతు పెంచాడు.

"మొదలెట్టాడ్రా కరపత్రం," ఎవరిస్తో మూలిగాడు.

అనిసెతో ఆగాడు. మేనత్త అరచేతుల్లో బిందె అంచు కోసిన గీతలు కనబడ్డాయి. నినాదం మానేశాడు. కుర్చీ ముందు కూచుని మామూలు గొంతుతో అన్నాడు:

"వాగు ఇంకో నెల కూడా ఆగదు. మంత్రి అక్కర్లేదు, గుమాస్తా అయినా సరే, ఎవరి చేతికిచ్చావో ఆ పేరు చెప్పు. ఇవ్వకపోతే ఇవ్వలేదని చెప్పు, మేమే బయల్దేరతాం. సాన్ బ్లాస్ పండగ రోజు ఊరంతా ఇక్కడే ఉంటుంది. ఆ రోజు అందరి ముందూ నీ జవాబు కావాలి. ఫిబ్రవరి మూడు."