కిటికీకి పట్టిన డ్రాయింగ్ షీట్లు

అగో, కప్పు గా చెక్క మీద పెట్టకు బిడ్డా. తియ్యి, కింద గచ్చు మీద పెట్టు, ఏం గాదు. ఉత్త చెక్క అనుకున్నవా ఏంది, భూషణం సారు డ్రాయింగ్ బోర్డు గది. నీళ్ల మరక పడితె సారు ఊకునేటోడు కాదు. ఆఁ, ఇగ చెప్పు, ఏమంటున్నవు? అరవైకి అరవై షీట్లల్ల పోటు కనిపించిందా? నవ్వుకుంట చెప్తున్నవు గూడ. పోయిన నెల నేనే చెప్పిన గదా నీకు, షీటు కిటికీకి పట్టి సూడు మనస్వినీ, సున్న నడుమ కంపాసు ముల్లు పోటు కనిపిస్తె పిల్లగాడు గీసినట్టు, కనిపియ్యకుంటె జీటీ కొట్టినట్టు అని. నువ్వు పోయి క్లాసుల చెప్పినవు. ఇప్పుడు అందరికి పోట్లున్నయి, రేపు పొద్దుగాల సంతకాలు పెట్టి హెచ్చోడీకి ఇచ్చేస్తవు. బాగున్నది. అరవై మందిల అరవై మంది గీసుడు ఏడనన్న ఉంటదా బిడ్డా? నలభై ఏండ్లు గీతలు గీసినోడు చెప్తె పందొమ్మిది మంది గీసిన్రు. నిన్న మొన్న లెక్చరర్‌గ చేరిన నీకు అరవై మందా. నీ మీద కోపం కాదు, కూసో. మెట్లెక్కి మీద నీ రూంల్లకు పోకు, ఇది ఇనిపో.

భూషణం సారు అంటె ఎవలనుకున్నవు. సర్కారు ఫ్యాక్టరీల డ్రాఫ్ట్స్‌మన్ పని జేసి రిటైరైనోడు. గుంటూరు దిక్కోళ్లు, ఎన్నడో ఈడికొచ్చి మౌలాలిల ఇల్లు కట్టుకున్నరు. ఇంట్ల ఊకె కూసునుడు చాతగాక మన ఇంజనీరింగ్ కాలేజీల డ్రాయింగ్ చెప్పుటానికి చేరిండు. మౌలాలి నుంచి ఉప్పల్‌కు ఒక బస్సు, ఉప్పల్ నుంచి అన్నోజిగూడ దాటేదాక ఇంకో బస్సు. గప్పుడు ఈ మెట్రో గిట్ల ఏడిది. చంకల టీ స్కేలు, జేబుల రెండు పెన్సిళ్లు, బ్లేడుతోని చెక్కుకునేటోడు, షార్ప్‌నర్ ముట్టకపోయేది. నేను డ్రాయింగ్ హాల్ అటెండర్ని. బోర్డులు తుడుసుడు, షీట్లు కట్టలు కట్టుడు, పరీక్షలప్పుడు పేపర్ల కట్టలకు గుడ్డసంచులు దబ్బనంతోని కుట్టుడు, గిదే నా పని. సారు నన్ను, 'ఏవయ్యా సాంబయ్యా, కాఫీ తాగావా' అని అడిగినంకనే హాల్లకు అడుగు పెట్టేటోడు. అటెండర్‌ను కాఫీ తాగినవా అని అడిగిన లెక్చరర్‌ను నేను ఇంకొకన్ని సూడలే. ఇప్పుడైతె మనిషి మొకం సూడరు, ఫోన్ల సూసుకుంట, 'ఏయ్, ఏసీ వెయ్' అంటరు.

జీటీ అంటె గ్లాస్ ట్రేసింగ్, నీకు తెల్వదా ఏంది, నువ్వు గూడ కొట్టినవేమో, నవ్వకు. రెండు కుర్చీల నడుమ అద్దం పెట్టుడు, కింద బల్బు పెట్టుడు, సీనియర్ షీటు మీద తెల్ల షీటు పరుసుడు, పెన్సిల్‌తోని మీదమీద దిద్దుడు. గంటల నాలుగు షీట్లు. గీత మంచిగనే వస్తది, సారు గీతకన్న నున్నగ వస్తది. గని కంపాసు ముట్టలే గదా, ముల్లు దిగదు. సారు గది పట్టుకున్నడు. షీటు కిటికీకి పట్టి, కండ్లద్దాలు నెత్తి మీదికి తోసి, 'ముల్లేదయ్యా' అనేటోడు. గంతె. తిట్టుడు లేదు, కొట్టుడు లేదు. ముల్లు లేకుంటె సంతకం లేదు, సంతకం లేకుంటె ఇంటర్నల్ మార్కులు లెవ్వు. గా యేడాది అరవైల నలభై ఒక్కటి వాపస్ ఇచ్చిండు. ఉత్తగ ఇచ్చిండా? శనివారం మధ్యాహ్నం అందరు ఇండ్లకు పోయినంక గా నలభై ఒక్కమందిని కూసోబెట్టుకొని, గీతను రెండు సగాలు చేసుడు కాడికెల్లి మళ్ల చెప్పిండు. గదాని కోసం ఆయనకు ఒక్క పైస ఎవలియ్యలే, అడగలే గూడ.

పోరగాళ్లు ఇంటరా మరి? మన నాచారం పిల్లగాడే ఒకడుండె, ధీరజ్ అని, నోరు పెద్దది. 'సార్, ఈ కాలంల చేత్తోని ఎవడు గీస్తడు సార్, కంప్యూటర్ గీస్తది, టైం వేస్ట్' అన్నడు. సారుకు కోపం రాలే. నా దిక్కు తిరిగి, 'సాంబయ్యా, ఏమీ అనుకోకు, ఒక్కసారి నీ ఎడంచెయ్యి చూపిస్తావా' అన్నడు. సూసినవు గదా నువ్వు గూడ, అడుగుటానికి మొహమాటపడ్డవు. కాలేజీకి రాకముందు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ప్రెస్సు మిషన్ మీద పని జేసిన. మిషన్‌కు అడ్డం ఒక ఇనుప జాలి ఉంటది, చెయ్యి లోపలికి పోకుంట. గా జాలి డ్రాయింగ్‌ల ఎవడో మహానుభావుడు కొలత తక్కువ రాసిండు. కాయితం మీద ఎట్లుంటె జాలి గట్లనే చేసిన్రు. చేతి ఏళ్లు రెండు తెగిపోయినయి నాకు. గీసినోనికేమాయె, వాని ఏళ్లు పదికి పది ఉన్నయి. సారు నా చెయ్యి లేపి పట్టుకొని, 'ఈ రెండు వేళ్లూ ఎక్కడికి పోయాయో తెలుసా, ఒక తప్పు గీతలోకి పోయాయి. మీరు వేరేవాడి గీత దిద్దితే, అది తప్పో ఒప్పో మీకు జన్మలో తెలీదు' అన్నడు. గా దినం నుంచి ధీరజ్ రోజు మాపటికి ఉండి గీసుడు మొదలువెట్టిండు. గిసొంటి సారు బిడ్డా. గాయనను ఏం జేసిన్రో ఇను.

ఉమామహేశ్వర్ అని హెచ్చోడీ. సెంటు కొట్టుకొని వచ్చేటోడు, చాక్‌పీసు పట్టంగ నేను సూడలే. వచ్చే సోమవారం యూనివర్సిటీ నుంచి తనిఖీకి వస్తరు, అన్ని షీట్ల మీద సంతకాలుండాలె, పాస్ పర్సెంటేజీ కింద పడితె వచ్చే యేడు సీట్లు నిండయి అని మేనేజ్‌మెంటు గాయన మెడ మీద కూసున్నది. పోరగాళ్లేమో ఇంక సగం షీట్లు కాలే. నిదానంగ చెప్తె, నేర్చుకుంటె, ఇంకో నెల పడతది. నెల ఆగితె ఏమయితది చెప్పు? బిల్డింగు కూలుతదా? అడ్డమైన వాటికి ఆగుతరు, లిఫ్టు కోసం ఆగుతరు, మంత్రి వస్తె రిబ్బన్ కోసం ఎండల పిల్లలను రెండు గంటలు నిలబెడతరు. చదువుకు మాత్రం ఆగరు. సారు దగ్గరికి పోయి అడిగిండు, బతిమాలిండు, బెదిరిచ్చిండు. సారు, 'ముల్లుంటే పెడతానండీ' అన్నడు. గంతె మాట.

శుక్రవారం నన్ను రూంల్లకు పిలిచి తలుపు దగ్గరికేసిండు. 'సాంబయ్యా, ముసలాయనకు ఏం గావాలె? ముల్లు గావాలె. గా నలభై ఒక్క పాత షీట్లు హాల్లనే పడున్నయి గదా, తీసుకొని ముల్లు పెట్టు. పనైపోతది. పిల్లలు గీసి ఇచ్చిన్రని చెప్త.' నేను తల గోక్కున్న. 'తొమ్మిదేండ్ల నుంచి టెంపరరీ కదా నువ్వు, ఈ నెల ఫైలు నా టేబుల్ మీదనే ఉన్నది' అన్నడు. ఇగ సూడు బిడ్డా. లుచ్చా మాట వాడు అన్నడు, కోపం వాని మీద ఉన్నది నాకు, సచ్చేదాక ఉంటది. గని పొడిసిన చెయ్యి ఎవలిది? ఇన్నేండ్లు ఈ కథ ఎవలకు చెప్పినా గీడిదాక వచ్చి, వాన్ని తిట్టి ఆపేస్త. నా ఇంటిదానికి గూడ గంతే చెప్పిన. ఇయ్యాల నువ్వు అరవైకి అరవై అన్నవు గదా, ఇగ ఆపితె నా కడుపు ఉబ్బిపోతది.

నేనే పొడిసిన. హాలు గడియ పెట్టుకొని కూసున్న. నాకు కంపాసు ఏడిది, కంపాసులన్ని పోరగాళ్ల డబ్బాలల్ల ఉండె. నా దగ్గర దబ్బనం ఉన్నది. సంచులు కుట్టే దబ్బనం. ఒక్కొక్క షీటు పరిసి, సున్న కనిపించిన కాడల్ల నడుమ సూసి గుచ్చుడే. తొమ్మిదేండ్లు గా హాల్ల పని జేసిన గదా, నాకు అంత తెలుసని గర్వం గూడ ఉండె. గుడ్డు లెక్క ఉంటది సూడు ఒక బొమ్మ, మీరు ఎలిప్స్ అంటరు. దానికి గూడ నడుమ సూసి పొడిసిన. గుండ్రమే కదా, జర సాగింది గంతె అనుకున్న.

శనివారం పొద్దుగాల సారు వచ్చిండు. కాఫీ తాగినవా అన్నడు. తాగిన సార్ అన్న, తాగలే. కట్ట విప్పి కిటికీ కాడ నిలబడ్డడు. హెచ్చోడీ దర్వాజ కాడ చేతులు కట్టుకొని నిలబడ్డడు. మొదటి షీటు పట్టి సూసిండు సారు, మొకం జర వెలిగింది, నిజంగనే వెలిగింది బిడ్డా, పిల్లలు గీసిన్రనుకున్నడు. రెండోది సూసిండు. మూడోది గుడ్డు బొమ్మ. గది పట్టుకొని మస్తుసేపు నిలబడ్డడు. ముల్లు పోటైతె సన్నగ కనీకనపడకుంట ఉంటది. నాది ఆవగింజంత ఉన్నది, గది గూడ ఉండగూడని జాగల ఉన్నది. మెల్లగ తల తిప్పిండు. స్టూలు మీద పురికోసకు గుచ్చి ఉన్న దబ్బనాన్ని సూసిండు. గా తర్వాత నా చెయ్యి దిక్కు సూసిండు. నా మొకం దిక్కు మాత్రం సూడలే. హెచ్చోడీ, 'ఏం సార్, ఉన్నయా పోట్లు?' అన్నడు. సారు, 'ఉన్నాయండీ. అన్నింటికీ ఉన్నాయి' అన్నడు. కూసొని నలభై ఒక్క సంతకాలు పెట్టిండు. ఒక్కటి గూడ వంకర పోలే. ఎందుకు పెట్టిండో నీకు తెల్వలేదా? ఇవి దొంగ పోట్లు అంటె, పొడిసిందెవడని అడుగుతరు. హెచ్చోడీ నాకేం తెల్వదు అంటడు. దబ్బనం అటెండర్‌ది. గా మాపటికే నన్ను బయటికి తోలుదురు, ఏళ్లు లేనోనికి ఇంకెవడు పని ఇస్తడు. బతుకంతా ఒక్క అబద్ధం గీత గియ్యని మనిషి, నా కూడు కోసం నలభై ఒక్క అబద్ధాలు రాసిండు. నేనేమో గాడ నిలబడి సూసిన. ఒక్క మాట, 'సార్, నేనే' అంటె అయిపోతుండె. నోరు రాలే.

బయటికి నడిసేటప్పుడు నా పక్కపొంటి ఆగి మెల్లగ అన్నడు, 'సాంబయ్యా, గుడ్డుకి ముల్లు మధ్యలో పెట్టరు. రెండు చోట్ల పెడతారు. నీకెవరూ చెప్పలేదుగా. ఇన్నేళ్లు నా హాల్లో ఉన్నావు, నీకు చెప్పాలని నాకే తోచలేదు.' తిడితె బాగుండు. చెంప మీద ఒకటి కొడితె ఇంక బాగుండు. తప్పు తన మీద ఏసుకొని పోయిండు మనిషి. సోమవారం రాలే. మంగళవారం ఉత్తరం వచ్చింది, ఆరోగ్యం బాగలేదు, మానేస్తున్న అని. తనిఖీకొచ్చినోళ్లు షీట్లు సూసి భేష్ అన్నరు. ఒక్కడన్న కిటికీకి పట్టి సూడలే. నేను పర్మనెంట్ అయిన. స్వీట్లు పంచిన గూడ, థూ.

మూడుసార్లు పోయిన మౌలాలికి. సారు ఇంటి గేటు దాక పోయిన, లోపల రేడియో ఇనపడేది, మళ్ల బస్సెక్కి వచ్చిన. నాలుగోసారి పోయేవరకు సారు లేడు. పదకొండో దినం. ఛాయాదేవమ్మ, సారు భార్య, నా చెయ్యి సూసి గుర్తుపట్టి లోపలికి పోయి ఈ బోర్డు తెచ్చింది. 'మీరొస్తే ఇవ్వమన్నారు బాబూ, ఎప్పుడో గీసి పెట్టారు' అన్నది. షీటు అంటించి ఉండె దీని మీద. గుడ్డు బొమ్మ. రెండు పోట్లు. ఒక్క అక్షరం రాయలే. నేను వస్తనని ఎన్ని దినాలు ఎదురుసూసిండో, నేనేమో గేటు కాడికెల్లి మర్లిన.

ఏడ్వకు, నువ్వెందుకు ఏడుస్తున్నవు. గా సంచిలకెల్లి షీట్లు తియ్యి. నాకు కండ్లు మసకబారినయి, పోటు కనపడదు. గుడ్డు బొమ్మది ఒకటి ఇటియ్యి, ఎన్కకు తిప్పి. ఏలుతోని సూస్త. ఊఁ. ఇంకోటియ్యి. ఇంకోటి. గిది ముల్లు కాదు బిడ్డా, ఇగో నువ్వు గూడ పట్టి సూడు, ఎంత లావున్నదో. నట్టనడుమనే ఉన్నది, సూసినవా. అరవై షీట్లు, ఒక్కటే చెయ్యి. నువ్వు క్లాసుల చెప్పినవు, పోరగాళ్లు పోయి హాల్ల పోశయ్యను పట్టుకున్నరు, గంతె. పోశయ్య నా జాగలనే వచ్చిండు. పర్మనెంట్ అయిండా? ఎనిమిదేండ్లాయెనా, ఇంక కాలేదా. అనుకున్న.

నువ్వు సంతకం పెడితె సారు లెక్క నువ్వు పోతవు. పెట్టకుంటె వాడు పోతడు. సారు నోరు గందుకే మూసుకున్నడు. నోరు తెరవవలసింది గప్పుడు నేను. వాని నంబరున్నదా నీ ఫోన్ల? కలుపు. లేదు, నువ్వు మాట్లాడకు, మేడం అంటె భయపడతడు. ఇటియ్యి. ఏడ ఒత్తాలె... ఆఁ, హలో. పోశయ్యా, నేను తమ్మీ, సాంబన్నను. డ్రాయింగ్ హాల్ సాంబన్నను. బాగున్న, బాగున్న. ఫికర్ పడకు, నిన్ను తిట్టుటానికి చెయ్యలే. ఒక్క ముచ్చట చెప్త ఇను... గుడ్డు బొమ్మకు ముల్లు నడుమ ఉండదురా. రెండు దిక్కుల ఉంటది. నీకెవలు చెప్పలేదు గదా. నేను గూడ చెప్పలే.