జగన్మోహన్ చీటీల మీద ఎవరి పేరు?

నళిని గారూ, మిత్రులారా,

ఈ మంచులో కూడా పిట్స్‌బర్గ్ నలుమూలల నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చారు. పన్నెండు రోజుల క్రితం గుండెపోటుతో పోయిన మన జగన్మోహన్ కోసం వచ్చారు. ఆయన పనిచేసిన డిక్షనరీ ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చారా? లేదు. ఉత్తరం వచ్చింది. అందులో ఆయన "ఎంతో ఓర్పుగల క్లర్కు" అట!

క్లర్కా? ఎనిమిదేళ్లు ఒక్క మాట వెంట తిరిగిన మనిషి. 'థోల్'. బాధని భరించడం, ఓర్చుకోవడం అని అర్థం. వెయ్యేళ్లనాటి పాత ఇంగ్లీషు మాట. ఇంగ్లండులో చాలాచోట్ల మరుగునపడింది, స్కాట్లండులో బతికింది. అక్కడి కోర్టులో విచారణకి నిలబడటాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారు.

అమెరికాలో దాన్ని ఎవరూ అనరని 1979లో ఆఫీసు తేల్చేసింది. ఈయన ఊరుకున్నాడా? బస్‌స్టాపులో గ్లాస్గో నుంచి వచ్చిన ఒక పెద్దావిడని మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగాడు. "థోల్ చెయ్యక ఏం చేస్తాను నాయనా" అందట. ఇక్కడా ఆ మాట వాడతారనడానికి సాక్ష్యంగా అక్కడికక్కడే చీటీ రాశాడు: ఆవిడ అన్న మాట, ఆవిడ పేరు, ఊరు, తేదీ. కింద మూలన సేకరించినవాడి పొట్టి సంతకం. ఆ వృత్తిలో అది ఆచారం.

ఒకే ఒక తప్పు చేశాడు. కార్బన్ కాపీ పెట్టుకోకుండా అలాంటి చీటీల మొదటి పెట్టె ఆఫీసుకిచ్చేశాడు. నేను తిడితే, "మన ఆఫీసే కదా నరసింహా" అన్నాడు. పోయిన వేసవిలో ఆఫీసులో అవే చీటీలు కొత్తగా టైపు చేసి కనిపించాయి. పెద్దావిడ పేరుంది. తేదీ ఉంది. మూలన సంతకం లేదు! "టైపిస్టు పొరపాటు" అన్నారు. నాలుగు వందల చీటీల్లోనూ అదే పొరపాటా?

ఇప్పుడు ఇంట్లో మిగిలిన రెండు పెట్టెలూ ఆఫీసుకి కావాలట. సోమవారం ఫోను, మంగళవారం మళ్లీ ఫోను. "మా ఆయన బట్టలే ఇంకా సర్దలేదండీ" అన్నారు నళిని గారు. ఎందుకీ తొందర? నేను నిరూపించలేను. ఆయన పేరు కావాలనే తీసేశారని అనుమానిస్తున్నాను, అందరి ముందూ అంటున్నాను. ఓర్చుకోక తప్పని స్థితికి మనిషిని నెట్టినవాళ్లే ఆ ఓర్పుని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండుతోంది.

పెట్టెలు ఇవ్వొద్దని నేననను. ఆ మాట డిక్షనరీలోకి ఎక్కాలన్నదే ఆయన కోరిక. నళిని గారు నిన్న నాతో అన్నారు: "ప్రతి చీటీ వెనకా ఆయన పూర్తి పేరు నా చేత్తో రాస్తానన్నయ్యా. కాపీలు తీయించాకే పంపుతా." చీటీలు రెండువేల పైనే ఉన్నాయి. శనివారం పెన్నులు పట్టుకుని రండి.

ఇప్పుడు లేచి నిలబడదాం. రెండు నిమిషాలు జగన్మోహన్ కోసం మౌనంగా ఉందాం. ఆ తర్వాత మాత్రం మౌనంగా ఉండొద్దు.